గోడకు అవతల ఎవరున్నారు?

అనువాదకుల ఇంటికి వచ్చే పనులన్నీ కావ్యాలూ నవలలూ అనుకొనేవారు కొందరుంటారు. నిజానికి మా బల్ల మీద ఎక్కువగా పేరుకొనేవి మందు సీసాలతో వచ్చే కాగితాలు, బీమా కంపెనీల షరతులు, నీటి పంపును బిగించే విధానం తెలిపే చిన్న పుస్తకాలు. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టా పుచ్చుకొన్న కొత్తలో ఇటువంటి పనులను నేను కొంత చులకనగా చూసిన మాట వాస్తవం. నలభై దాటిన తరువాత ఆ చులకన పోయింది. నవలలో ఒక మాట దారి తప్పితే పాఠకుడు నొచ్చుకొంటాడు. మందు కాగితంలో ఒక మాట దారి తప్పితే రోగి ప్రాణానికే ముప్పు.

గత వేసవిలో ఒక సాయంకాలం మా వీధి చివర ఉండే సిస్టరు మూడు పేజీల ఇంగ్లీషు కాగితాలు తీసుకొని వచ్చింది. హైదరాబాదులోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఆమె ఉద్యోగం. చికిత్సకు వచ్చిన రోగులకు ఆసుపత్రిలోనే కొత్త జబ్బులు అంటుకోకుండా చూసే విభాగంలో పనిచేస్తున్నది.

“అక్కయ్యగారూ, వీటిని మీరు తెలుగు చేసి పెట్టాలి. చదవవలసినవాళ్ళు డాక్టర్లు కారు, మేస్త్రీలూ కూలీలూ” అన్నది.

వాళ్ళ ఆసుపత్రిలో రక్తపు కేన్సరు రోగులుండే వార్డును ఆనుకొని కొన్ని పాత గదులున్నాయట. వాటిని పగులగొట్టి కొత్తగా కట్టబోతున్నారు. ఆ పని జరిగినన్నాళ్ళూ వార్డులోని గాలి శుభ్రంగా ఉండాలంటే ఎవరెవరు ఏమేమి చేయాలో ఆ మూడు పేజీలలో ఉన్నది. ఒక పూట పని కదా అని ఒప్పుకొన్నాను. మొదటి పేజీ సగంలోనే కలం ఆగిపోయింది.

ఆగిపోయింది ‘నెగెటివ్ ప్రెషర్’ అనే మాట దగ్గర. నిఘంటువు తీస్తే ‘రుణ పీడనం’ అని వచ్చింది. శాస్త్ర గ్రంథానికి అది సరిపోవచ్చును. కాని సుత్తి పట్టుకొన్న మనిషి ఆ మాట వింటే తానెవరికో బాకీ పడ్డాననీ, వాళ్ళు వచ్చి పీడించబోతున్నారనీ అనుకొంటాడు. మాట తెలిసినంత మాత్రాన విషయం తెలిసినట్టు కాదని నాకు మరొకసారి అర్థమయింది. సిస్టరును పిలిచి రెండు సాయంకాలాలు పాఠం చెప్పించుకొన్నాను. ఆ పాఠమే ఈ నెల పాఠకులతో పంచుకోవాలనుకొంటున్నాను.

గోడ పగులగొడితే దుమ్ము లేస్తుందని అందరికీ తెలుసు. కంటికి కనిపించే ఆ దుమ్ము మన అసలు శత్రువు కాదు. అది బరువైనది; కాసేపటికి నేలకు దిగుతుంది, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. దానితో పాటు లేచి, కంటికి కనిపించకుండా తిరిగేది ఇంకొకటి ఉన్నది. అది బూజు తాలూకు సిద్ధబీజం.

ఈ బూజులలో ముఖ్యమైనది ఆస్పర్‌జిల్లస్. దానికి ఆ పేరు పెట్టినవాడు పియెర్ ఆంటోనియో మికేలీ అనే వృక్షశాస్త్రజ్ఞుడు. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరవాసి, మతాచార్యుడు కూడా. 1729లో ప్రకటించిన తన గ్రంథంలో ఆయన ఈ బూజును వర్ణించాడు. సూక్ష్మదర్శినిలో చూస్తే సన్నని కాడ, దాని కొనన ఉబ్బిన తల, ఆ తల చుట్టూ చుక్కలు చుక్కలుగా సిద్ధబీజాలు కనిపించాయి. తమ చర్చిలో పవిత్రజలాన్ని భక్తుల మీద చిలకరించే సాధనం ఆయనకు గుర్తుకు వచ్చింది. లాటిను భాషలో దాని పేరే బూజుకు పెట్టాడు. మన ఇళ్ళలో పుణ్యాహవాచనం నాడు పురోహితుడు మామిడాకుతో నీళ్ళు చల్లడం చూసినవారికి ఆ రూపం వెంటనే బోధపడుతుంది. అయితే ఈ చిలకరింతలో పుణ్యమేమీ లేదు.

ఆస్పర్‌జిల్లస్ లేని చోటు లేదు. రాలి కుళ్ళిన ఆకులలో, పెంటపోగులలో, మట్టిలో, నిలవ ధాన్యంలో, చెమ్మ పట్టిన గోడలలో అది కాపురముంటుంది. పాత భవనాలలో తప్పుడు కప్పు పైన, గొట్టాల చుట్టూ, కిటికీ పెట్టెలలో ఏళ్ళ తరబడి పేరుకొన్న ధూళిలో దాని సిద్ధబీజాలు నిద్రపోతూ ఉంటాయి. ఒక్కొక్కటి రెండు మూడు మైక్రానులు మాత్రమే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రానులు. ఇంత తేలికైన రేణువు ఏమాత్రం కదలని గాలిలో కూడా ఒక మీటరు ఎత్తు నుంచి నేలకు దిగడానికి గంటకు పైగా పడుతుంది. గదిలో గాలి ఎన్నడూ కదలకుండా ఉండదు. తలుపు తెరిచినా, మనిషి నడిచినా, పంకా తిరిగినా అది మళ్ళీ పైకి లేస్తుంది.

మనమందరమూ రోజూ కొన్ని వందల సిద్ధబీజాలను పీలుస్తూనే ఉంటాము. ఆరోగ్యవంతులకు ఏమీ కాదు. శ్వాసనాళాలలోని సన్నని నూగు వాటిని బయటికి ఊడ్చివేస్తుంది. లోపలికి చేరినవాటిని తెల్ల రక్తకణాలు కబళిస్తాయి. ఈ తెల్ల కణాలలో న్యూట్రోఫిల్స్ అనేవి ముఖ్యమైన కాపలాదారులు. ఆరోగ్యవంతుని రక్తంలో ఘన మిల్లీమీటరుకు ఇవి మామూలుగా 2,000కు పైగా ఉంటాయి. రక్తపు కేన్సరుకు మందులెక్కించినప్పుడు, మూలుగ మార్పిడి చేసినప్పుడు ఈ సంఖ్య 500కు దిగువకు పడిపోతుంది. ఒక్కొక్కప్పుడు సున్నాకు చేరుతుంది. ఆ స్థితి పది రోజులు దాటేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. కాపలా లేని ఊపిరితిత్తిలో సిద్ధబీజం మొలకెత్తి, దారాలు దారాలుగా పాకి, రక్తనాళాలలోకి కూడా చొచ్చుకొని పోతుంది. దీనిని త్వరగా పసిగట్టడం కష్టం. మందులు ఖరీదైనవి. మందులు వాడినా ప్రాణాపాయం తక్కువేమీ కాదు.

2021లో కరోనా రెండవ విజృంభణ సమయంలో మన దేశాన్ని భయపెట్టిన ‘బ్లాక్ ఫంగస్’ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అది వేరే తెగకు చెందిన బూజు. అప్పుడు దానికి దారి తీసినవాటిలో ముఖ్యమైనవి అదుపులేని మధుమేహమూ, అతిగా వాడిన స్టెరాయిడ్ మందులూ. అయినప్పటికీ రెండింటి పాఠమూ ఒక్కటే: మన చుట్టూ ఎప్పుడూ ఉండే సాధారణ జీవి, మన కాపలా పడిపోయిన రోజున మృత్యువుగా మారుతుంది.

సిస్టరు ఈ మాటలు చెబుతూ ఉండగా నాకు మా మేనమామ గుర్తుకు వచ్చారు.

ఆయన ముప్పయ్యేళ్ళు బడిపంతులుగా పనిచేశారు. పదవీ విరమణ చేసిన కొద్దికాలానికే రక్తపు కేన్సరు బయటపడింది. చికిత్స కోసం ఒక నగరంలోని ఆసుపత్రిలో చేర్చాము. వార్డు బయటి వసారాలో పాత నాపరాళ్ళు తీసి కొత్త పలకలు పరుస్తున్నారు. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా రాళ్ళు కోసే యంత్రపు రొద. తలుపుకు ఒక పాత దుప్పటి వేలాడగట్టి ఉండేది. మంచం పక్కన మంచినీళ్ళ గ్లాసు అంచున తెల్లని పొడి చేరితే చీరచెంగుతో తుడిచి ఆయనకు అందించేదాన్ని. ఇబ్బందిగా ఉందేమోనని అడిగితే నవ్వేవారు. “ముప్పయ్యేళ్ళు సుద్దముక్క దుమ్ము తిన్నవాణ్ణి. ఈ దుమ్ము నన్నేమి చేస్తుందే అమ్మాయీ” అనేవారు.

మూడవ వారంలో జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులలో బూజు చేరిందన్నారు డాక్టర్లు. చాలా రోజుల మీదట దాని నుంచి బయటపడ్డారు. కాని ఈ లోగా కేన్సరు మందులు ఆపవలసి వచ్చింది. ఆ వ్యవధిలో అసలు జబ్బు తిరగబెట్టింది. మరుసటి ఏడు ఆయన వెళ్ళిపోయారు. ఆ బూజు ఆ వసారా దుమ్ములో నుంచే వచ్చిందని నేను అనలేను. అటువంటి నిర్ణయం చేయాలంటే గాలిని పరీక్షించి ఉండాలి. అక్కడ ఎవరూ పరీక్షించలేదు. నేను అనగలిగినది ఒక్కటే. ఆ దుప్పటికి అటువైపు పనిచేసేవారికి ఇటువైపు ఎవరున్నారో తెలియదు. ఇటువైపున్న మాకు ఆ దుమ్ము ఏమిటో తెలియదు.

తెలియకపోవడానికి అది కొత్త విషయమేమీ కాదు. ఆ ఫ్లోరెన్స్ నగరంలోనే 1820లో పుట్టి, ఆ ఊరి పేరే పెట్టుకొన్న ఫ్లోరెన్స్ నైటింగేల్, 1859లో తాను రాసిన ఉపచార గ్రంథంలో రోగి పీల్చే గాలి శుభ్రతకే ప్రథమ స్థానమిచ్చింది. ఆమె దృష్టిలో శుభ్రమైన గాలి అంటే బయటి గాలి. అందుకు మార్గం తెరిచిన కిటికీ. మన పాత ప్రభుత్వాసుపత్రుల ఎత్తైన కప్పులకూ, పెద్ద కిటికీలకూ వెనుక ఉన్నదీ ఆ తరం ఆలోచనే. మామూలు రోజులలో ఇప్పటికీ అది మంచి మార్గమే. కాని ఆ కిటికీ కిందనే భవనాన్ని కూలుస్తున్నప్పుడు సంగతి తలకిందులవుతుంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆసుపత్రి భవనం ఒకటి కూల్చినప్పుడు పరిశోధకులు చుట్టుపక్కల గాలిని కొలిచి చూశారు. ఆస్పర్‌జిల్లస్ వంటి బూజుల సిద్ధబీజాలు మామూలు కన్న అనేక రెట్లు పెరిగినట్టు 1983లో ప్రకటించారు. అంటే, నైటింగేల్ తెరవమన్న కిటికీనే ఆ రోజులలో మూసి ఉంచవలసి వస్తుంది. సూత్రం మారలేదు, గాలి శుభ్రంగా ఉండాలన్నదే సూత్రం. పాటించే పద్ధతి మారింది.

ఆ పద్ధతిలో మొదటి మెట్టు సుత్తి ఎత్తడానికి ముందే ఉన్నది. ఇంజనీరు, కాంట్రాక్టరు, డాక్టరు, నర్సు ఒకచోట కూర్చొని పట్టిక వేయాలి. ఎంతో కాలంగా వాడుకలో ఉన్న ఒక పట్టికలో పనులను నాలుగు రకాలుగా విభజిస్తారు: కేవలం చూసి పోయే తనిఖీ మొదలుకొని గోడలు కూల్చడం వరకు. రోగులున్న చోట్లను కూడా నాలుగు వర్గాలు చేస్తారు: కార్యాలయపు గదుల మొదలుకొని మూలుగ మార్పిడి వార్డు వరకు. ఏ రకం పని, ఏ వర్గం పక్కన జరుగుతుందో చూసి, ఎంత జాగ్రత్త కావాలో నిర్ణయిస్తారు. ఆఫీసు గదిలో మేకు కొట్టడమూ, కేన్సరు వార్డు పక్కన మేకు కొట్టడమూ ఒకటి కావు. ఆ నిర్ణయాలను టెండరు కాగితాలలోనే చేర్చాలి. తరువాత చెబితే కాంట్రాక్టరుకు అది అదనపు ఖర్చు. ముందే చెబితే పనిలో భాగం.

రెండవది అడ్డుగోడ. దుప్పటి అడ్డుగోడ కాదు, తడిక కూడా కాదు. కొద్దిపాటి పనికి మందమైన ప్లాస్టిక్ పట్టా చాలు. నెలల తరబడి సాగే పనికి ప్లైవుడ్‌తోనో జిప్సమ్ పలకలతోనో నిజమైన గోడే కట్టాలి. అది నేల నుంచి తప్పుడు కప్పు దాకా కాదు, దాని పైన ఉన్న అసలు స్లాబు దాకా పోవాలి. ఎందుకంటే తప్పుడు కప్పు పైన గదులన్నిటికీ ఒకే ఆకాశం. అతుకులన్నిటికీ టేపు అంటించాలి. పని జరిగే గదిలోని ఏ.సి. రంధ్రాలను మూసివేయాలి, లేకపోతే ఆ యంత్రమే దుమ్మును వార్డువార్డుకూ పంచిపెడుతుంది.

మూడవది నా కలాన్ని ఆపిన ‘రుణ పీడనం’. గాలి కూడా నీటి వంటిదే. ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోటి నుంచి తక్కువగా ఉన్న చోటికి పోతుంది. పని గదిలో నుంచి పంకాతో గాలిని ఎడతెగకుండా భవనం బయటికి తోడిపోస్తూ ఉంటే, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు సందులలో నుంచి వార్డు గాలే పని గదిలోకి వస్తుంది గాని, పని గది గాలి వార్డులోకి పోదు. తోడిపోసే గాలి మరొక కిటికీ వైపో, మనుషుల వైపో పోయే అవకాశముంటే దానిని హెపా అనే జల్లెడ గుండా పంపాలి. 0.3 మైక్రాను రేణువులలో కనీసం 99.97 శాతాన్ని అది పట్టి ఆపుతుంది. సిద్ధబీజాలు అంతకన్న ఎన్నో రెట్లు పెద్దవి.

రోగి గదిలో జరగవలసింది దీనికి సరిగ్గా ఎదురు. మూలుగ మార్పిడి రోగుల గదులలోకి హెపా గుండా వడపోసిన గాలిని గంటకు కనీసం 12 మార్లు గదిలోని గాలి మారేటంతగా నింపుతూ ఉండాలనీ, బయటికన్న లోపల కనీసం 2.5 పాస్కల్ ఒత్తిడి ఎక్కువగా ఉండాలనీ అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు 2003లో సూచించాయి. ఈ 2.5 పాస్కల్ అన్నది పావు మిల్లీమీటరు లోతు నీటి బరువుతో సమానం. అంత స్వల్పమైన తేడా ప్రాణాలు నిలుపుతుంది. గంటకు 12 మార్లు మారే గదిలో, కొత్తగా దుమ్ము చేరనప్పుడు, ఉన్నదానిలో 99 శాతం పోవడానికి లెక్క ప్రకారం 23 నిమిషాలు చాలు. రెండే మార్లు మారే గదిలో అదే పనికి రెండు గంటలకు పైగా పడుతుంది.

ఇంతా అర్థమైన తరువాత నిఘంటువును పక్కన పెట్టాను. నేను రాసిన వాక్యాలు ఇవి: “పనిచేసే గది పల్లం. వార్డు మెట్ట. గాలి ఎప్పుడూ మెట్ట నుంచి పల్లానికే పారాలి. తలుపు సందు దగ్గర కట్టిన కాగితపు ముక్క పని గది వైపు వాలి ఉంటే సరే. వార్డు వైపు వాలితే వెంటనే పని ఆపి, సిస్టరుకు చెప్పాలి.”

నాలుగవది దుమ్మును పుట్టనీయకపోవడం. రాయి, పలక కోసేటప్పుడు నీళ్ళు పోస్తూ కోయాలి. పొడి చీపురు పట్టకూడదు. తడిగుడ్డతో గాని, హెపా ఉన్న పీల్చే యంత్రంతో గాని తీయాలి. శిథిలాలను తడిపి, మూత వేసిన బండ్లలో, రోగులు వాడని లిఫ్టులో, రద్దీ లేని వేళలలో దించాలి. బయటికి వచ్చే దారిలో తడి గోనెపట్టానో, అంటుకొనే చాపనో పరచాలి. నీళ్ళు చల్లమన్నాము గదా అని చెమ్మను వదిలివేయకూడదు. తడిసిన పలకలూ చెక్కలూ 72 గంటలలోగా ఆరకపోతే అక్కడే కొత్త బూజుకు పురుడు పోసినట్టు. ఈ నీళ్ళు కూలీలకు కూడా రక్ష. రాతి పొడి ఏళ్ళ తరబడి పీల్చినవారి ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ అనే జబ్బుకు మందు లేదు. గోడకు ఇటువైపు రోగిని కాపాడే చెంబెడు నీళ్ళు అటువైపు మనిషిని కూడా కాపాడుతున్నాయి.

పెద్ద పనుల కన్న చిన్న పనుల దగ్గరే ఎక్కువ పొరపాటు జరుగుతుందట. గోడ కూల్చేటప్పుడు అందరూ జాగ్రత్తగా ఉంటారు. ఒక మధ్యాహ్నం ఎలక్ట్రీషియను వచ్చి, తీగ చూడడానికని రోగి మంచానికి పైనున్న తప్పుడు కప్పు పలక ఒకటి పైకి లేపుతాడు. ఇరవై ఏళ్ళ ధూళి ఒక్కసారిగా దిగుతుంది. అయిదు నిమిషాల పనికి అనుమతి ఏమిటని అతని ఉద్దేశం. ఆ అయిదు నిమిషాలకూ అనుమతి ఉండాలని ఆ మూడు పేజీలలో స్పష్టంగా ఉన్నది.

ఇవేవీ మన దేశానికి తెలియని సంగతులు కావు. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జనవరిలో ఆసుపత్రులలో అంటువ్యాధుల నివారణకు జాతీయ మార్గదర్శకాలు ప్రకటించింది. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే ఎన్.ఎ.బి.హెచ్. ప్రమాణాలు కూడా రోగులుండే చోట మరమ్మతులు తలపెడితే అంటువ్యాధుల నివారణ బృందంతో ముందుగా ఆలోచించి చేయాలంటున్నాయి. నియమాలున్నాయి. ఫైళ్ళలో, ఇంగ్లీషులో ఉన్నాయి. సుత్తి మాత్రం పాలమూరు నుంచీ, ఒరిస్సా నుంచీ పొట్ట చేతపట్టుకొని వచ్చినవాడి చేతిలో ఉన్నది. ఈ రెండింటి నడుమ ఉన్న దూరం ఏ హెపా జల్లెడా పూడ్చలేనిది.

పని మొదలయ్యే రోజున సిస్టరు నన్నూ రమ్మన్నది. పదిహేను మంది దాకా కూర్చొన్నారు. నేను తెలుగులో చదివాను. ఒరిస్సా కుర్రవాళ్ళకు ఆమె హిందీలో చెప్పింది. మెట్ట, పల్లం అనగానే తలలూపారు. చదవడం అయిన తరువాత పాలమూరు వైపు నుంచి వచ్చిన పెద్ద మేస్త్రి లేచి నిలబడ్డాడు.

“గోడ అవుతల ఎవలున్నరమ్మా?” అని అడిగాడు.

సిస్టరు చెప్పింది. పద్దెనిమిది మంచాలు. ఒక మంచం మీద తొమ్మిదేళ్ళ పిల్ల. ఇంకొక మంచం మీద ఆయన వయసు రైతు. ఆ పిల్లకు ఆ వారం ఒంట్లో కాపలా కణాలు దాదాపు లేవని కూడా చెప్పింది.

మేస్త్రి కాసేపు మాట్లాడలేదు. “ఇన్నేండ్ల సంది దవఖానల్ల పని చేస్తున్న. జల్ది కావాలె, జల్ది కావాలె అనే చెప్పిండ్రు. ఈ ముచ్చట ఎవలు చెప్పలే” అన్నాడు.

నాలుగవ రోజున కరెంటు పోయింది. ఆసుపత్రికి జనరేటరు ఉన్నది. కాని గాలిని తోడిపోసే పంకాను ఆ లైనుకు కలపలేదు. పంకా ఆగింది. తలుపు సందు దగ్గర కాగితపు ముక్క మొదట నిటారుగా వేలాడి, తరువాత మెల్లగా వార్డు వైపు వాలింది. మేస్త్రి చూసి చెయ్యెత్తాడు, సుత్తులన్నీ ఆగిపోయాయి. కాంట్రాక్టరు తాలూకు మనిషి వచ్చి కేకలు వేశాడట. కూలి దండగ, గడువు దాటిపోతున్నది అన్నాడట. సిస్టరు వచ్చి మేస్త్రి పక్కన నిలబడింది. ఆ పంకాకు జనరేటరు తీగ కలిపేదాకా, సుమారు రెండు గంటలు, పని సాగలేదు. ఆ రెండు గంటలలో ఏమి జరగకుండా ఆగిందో చెప్పడానికి లెక్కలేవీ ఉండవు. నివారణకు ఉన్న లోపం అదే. జరగని కీడుకు రశీదు దొరకదు.

నా ఉద్దేశంలో ఆ మూడు పేజీలలోకెల్లా ముఖ్యమైన మాట ఇదే: ఆపే అధికారం. యంత్రాలు కొనవచ్చును, పలకలు బిగించవచ్చును. కాగితపు ముక్క తిరగబడినప్పుడు పని ఆపగలిగిన మనిషి ఒకడు ఉండాలి. ఆపినందుకు ఆ మనిషి కూలి పోకూడదు, మాట పడకూడదు.

ఆసుపత్రులలో మంచం పక్కన కూర్చొనేది మనమే కాబట్టి మనం చేయగలిగినవీ కొన్ని ఉన్నాయి. పక్కన పని జరుగుతున్నదని తెలిస్తే, మన రోగికి తెల్ల కణాలు తక్కువగా ఉన్నాయా అని డాక్టరును అడగాలి. ఉంటే, దూరపు వార్డుకు మార్చగలరేమో విచారించాలి. అన్ని జాగ్రత్తలలోకీ అదే మేలైనది, ఖర్చు లేనిది. పని వైపు కిటికీలు, తలుపులు మూసి ఉంచాలి. పని జరిగే దారిన రోగిని తీసుకొని పోవలసి వస్తే ఎన్-95 మాస్కు తొడిగించాలి. చేతిరుమాలు, మామూలు మాస్కు ఈ సిద్ధబీజాలను ఆపలేవు. పూలకుండీలు, పూలగుత్తులు వార్డులోకి తీసుకొని పోకూడదు. కుండీ మట్టి బూజుకు పుట్టిల్లు. నేలను పొడిగా ఊడ్వవద్దని, తడిగా తుడవమని మర్యాదగా చెప్పాలి. అడిగితే ఏమనుకొంటారో అని ఊరుకోవద్దు. నేను ఒకసారి ఊరుకొన్నాను.

ఇంటి సంగతి కూడా ఒకటి ఉన్నది. రోగి ఇంటికి వస్తున్నాడంటే మనవాళ్ళు ప్రేమకొద్దీ గోడలు గీకించి సున్నాలు వేయిస్తారు, అటక దులుపుతారు. చికిత్స మధ్యలో ఉన్న కేన్సరు రోగికి అంతకన్న అపకారం వేరొకటి అక్కరలేదు. ఆ పనులేవైనా ఉంటే అతడు రాకముందే ముగించి, ఇల్లంతా తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి ఉంచాలి. లేదా అతడు కోలుకొన్నాక, డాక్టరు సరేనన్నాక పెట్టుకోవాలి. సంక్రాంతి ముగ్గు ఎక్కడికీ పోదు.

అనువాదానికి ఆసుపత్రివారు డబ్బు ఇస్తామన్నారు. సిస్టరు మొహమాటంతోనే ఆ మాట చెప్పింది. వద్దన్నాను. మా మేనమామ వార్డు బయట ఆనాడు రాళ్ళు కోసినవారు దుర్మార్గులు కారు. మధ్యాహ్నం పూట గొంతు ఆరిపోయి మా దగ్గరకే వచ్చి మంచినీళ్ళు అడిగి తాగిన మనుషులు. గోడకు అవతల ఎవరున్నారో వాళ్ళకు అర్థమయ్యే మాటలో ఒక్కరు చెప్పివుంటే, వాళ్ళు కూడా చెయ్యెత్తి పని ఆపివుండేవారని నా నమ్మకం.